పక్కింటి పెరట్లో పేరుకున్న సామాను: ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి?

ప్రశ్న: మేము విజయవాడ పాయకాపురంలో సొంత ఇంట్లో ఉంటున్నాం. మా పక్కింట్లో డెబ్బై దాటిన పెద్దాయన ఒంటరిగా ఉంటారు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో చాలా ఏళ్ళు పనిచేసి మానేశారు. వీధిలో అందరం ఆయన్ని బాబాయి గారనే పిలుస్తాం. పిన్నిగారు పోయాక ఆయనకు పాత సామాను పోగుచేసే అలవాటు బాగా పెరిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వచ్చి మా వీధి మునిగినప్పుడు అందరం తడిసిన సామాను బయట పడేస్తే, ఆయన తనవి పడేయకపోగా మిగతా ఇళ్ళవాళ్ళు పడేసినవి కూడా లోపలికి చేర్చుకున్నారు. ఇప్పుడు ఆ పెరడంతా టైర్లు, ఫ్రిజ్ డొక్కులు, పీపాలు, పరుపులు, చెక్కలు. కొంత గేటు దాటి సైడు కాలువ మీదికి కూడా వచ్చింది. ఎలుకలు మా వంటింట్లోకి వస్తున్నాయి. కిందటి వానాకాలం మా బాబుకు డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. చెత్త బండి సిబ్బందిని అడిగితే, అది ప్రైవేటు స్థలం, మేం లోపలికి వెళ్ళకూడదు అన్నారు. వాళ్ళబ్బాయి హైదరాబాదులో ఉంటారు. ఫోన్ చేస్తే చూద్దామంటారు. వీధిలో కుర్రవాళ్ళేమో ఆయన ఊరెళ్ళినప్పుడు జేసీబీ పెట్టి అంతా ఎత్తించేద్దామంటున్నారు. మా అత్తగారు మాత్రం, వరదలో నడుంలోతు నీళ్ళలో నడిచి పాలప్యాకెట్లు తెచ్చి ఇచ్చిన మనిషి మీద ఫిర్యాదు పెడతామా అని బాధపడుతున్నారు. కార్పొరేషన్‌కు ఆయన ఇంటి లోపలికి వచ్చే అధికారం ఉందా? మేం ఫిర్యాదు చేయడం తప్పా?

— ఒక సోదరి, విజయవాడ

సమాధానం:

అమ్మా,

మీరు అడిగిన రెండింటికీ ముందుగా జవాబు చెప్పి, తరువాత వివరాల్లోకి వెళ్తాను. కార్పొరేషన్‌కు అధికారం ఉంది. మీరు ఫిర్యాదు చేయడం తప్పు కాదు. పిల్లవాడు డెంగీతో ఆసుపత్రి పాలైన తరువాత కూడా మొహమాటపడి ఊరుకోవడమే తప్పవుతుంది. అయితే ఆ ఫిర్యాదును దేని మీద రాస్తారన్న దాన్ని బట్టే అది పని జరిపిస్తుందా, రెండిళ్ళ మధ్య పగగా మిగిలిపోతుందా అన్నది తేలుతుంది. దాన్ని బాబాయి గారి మీద రాయకండి. ఆయన అలవాటు మీద, ఆ ఇల్లు చూసేవాళ్ళకు ఎలా కనిపిస్తోందన్న దాని మీద కూడా రాయకండి. ఆ పెరట్లో నిలిచిన నీటి మీద, మూసుకుపోయిన కాలువ మీద, గోడ దాటి వస్తున్న ఎలుకల మీద రాయండి. ఈ ఒక్క తేడాను మీ వీధిలో అందరూ పట్టుకుంటే మిగతాదంతా సులువవుతుందని నా నమ్మకం.

చెత్త బండి సిబ్బంది మీకు చెప్పిన దాంట్లో అబద్ధం లేదు. ఇంటింటికీ వచ్చి చెత్త తీసుకునే కార్మికుడికి ఒకరి ప్రహరీ లోపల అడుగుపెట్టి సామాను ఎత్తుకుపోయే హక్కు ఉండదు. చట్టం ఆ అధికారాన్ని కమిషనర్‌కు ఇచ్చింది. ఆయన తరఫున ప్రజారోగ్య, పారిశుద్ధ్య విభాగాల అధికారులు దాన్ని వినియోగిస్తారు. 1981లో విజయవాడ కార్పొరేషన్‌గా మారినప్పటి నుంచి 1955 నాటి మున్సిపల్ కార్పొరేషన్ల చట్టంలోని నిబంధనలే మన నగరానికి వర్తిస్తున్నాయి. ఆ చట్టం ప్రకారం అధికారులు పగటివేళ, ఇంట్లో ఉన్నవారికి తెలియజేసి లోపలికి వచ్చి తనిఖీ చేయవచ్చు. ఆరోగ్యానికి హాని కలిగించే చెత్త గాని, దోమలు పెరిగే నీరు గాని కనిపిస్తే వాటిని తొలగించమని ఇంటి యజమానికి గడువు పెట్టి నోటీసు ఇవ్వవచ్చు. గడువు దాటినా పని జరగకపోతే కార్పొరేషనే మనుషులను పెట్టి చేయించి, అయిన ఖర్చును యజమాని నుంచి రాబట్టవచ్చు. ఇక గేటు దాటి సైడు కాలువ మీదికి వచ్చిన సామాను సంగతి వేరు. వీధి, కాలువ ప్రజల ఆస్తి కాబట్టి, వాటి మీద అడ్డంగా పెట్టిన వస్తువులను తీసివేయడానికి అంత తతంగం అక్కర్లేదు. కనుక మీ సమస్యలో రెండు భాగాలున్నాయి: కాలువ మీద ఉన్నది వెంటనే జరగవలసిన పని, ప్రహరీ లోపల ఉన్నది నోటీసుతో, గడువుతో, కొంత ఓపికతో జరగవలసిన పని. అర్జీలో ఈ రెండింటినీ విడదీసి రాయండి.

నగరంలో ముళ్ళకంపలు పెరిగిన ఖాళీ స్థలాల విషయంలో కార్పొరేషన్ నోటీసులివ్వడం, బోర్డులు పెట్టడం మీరు చూసే ఉంటారు. మనుషులు కాపురముంటున్న ఇళ్ళ విషయంలో అధికారులు అంత చొరవ చూపరు. లోపల ఒక మనిషి బతుకు ఉంది కాబట్టి అక్కడ అడుగు ఆచితూచి వేయడం న్యాయమే. అలాగని అసలు వేయకుండా ఉండటానికి అది సాకు కాకూడదు.

ఇప్పుడు అసలైన ప్రమాదం దగ్గరికి వస్తాను, ఎందుకంటే మీ ఫిర్యాదుకు బలం ఇక్కడే ఉంది. ఎవరి ఇల్లు వారు పొందికగా, అందంగా ఉంచుకోవాలని శాసించే చట్టం ఏదీ లేదు. బాబాయి గారి గదిలో పాత పరుపులున్నా, గోడవారన పనిముట్లు గుట్టలుగా ఉన్నా, అది మీకు నచ్చకపోవచ్చు గాని అది మీ హక్కుకు భంగం కాదు. టైర్లు, పీపాలు, ఫ్రిజ్ డొక్కుల సంగతి అలా కాదు. డెంగీని మోసుకొచ్చే ఈడిస్ దోమ మురుగు కాలువలో పుట్టదు. వాననీరు లాంటి తేట నీరు కొద్దిగా నిలిచినా దానికి చాలు, టైరు లోపలి వంపులో మిగిలిన గ్లాసెడు నీళ్ళలో కూడా గుడ్డు నుంచి దోమగా మారేందుకు మన ఎండలకు సుమారు వారం పది రోజులు సరిపోతాయి. ఆ గుడ్లను దోమ నీటి అంచుకు కాస్త పైన, గిన్నె గోడకో టైరు లోపలి తలానికో అంటించి పెడుతుంది. నీళ్ళు ఎండిపోయినా అవి నెలల తరబడి చావకుండా ఉండి, మళ్ళీ వాన పడి తడి తగలగానే పిల్లలవుతాయి. అందుకే టైర్లలో నీళ్ళు ఒకసారి ఒంపేసి మళ్ళీ అక్కడే పేర్చితే లాభం లేదు. వాటిని అక్కడి నుంచి తరలించాలి, లేదా వాన తగలకుండా కప్పు కిందికి చేర్చాలి, అదీ కుదరకపోతే నీరు నిలవకుండా అడుగున బెజ్జాలు కొట్టాలి.

ఈ దోమ ఎక్కువగా పగటిపూటే, పొద్దున్నా సాయంత్రం పూటా కుడుతుంది, పుట్టిన చోటి నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లకు మించి పోదు. అంటే ఆ పెరట్లో పుట్టిన దోమ కుట్టేది ముందు బాబాయి గారినే, తరువాత మిమ్మల్ని, ఆపైన మీ వీధిలో వాళ్ళనే. ఈ మాట ఆయనతోనూ చెప్పవలసిన మాట. మరొక సంగతి మీరు తప్పక తెలుసుకోవాలి. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి. ఒక రకం వచ్చి తగ్గినవారికి ఆ రకం నుంచి రక్షణ ఏర్పడుతుంది గాని, మరో రకం సోకితే రెండోసారి జబ్బు మరింత తీవ్రంగా మారే ప్రమాదం ఎక్కువ. మీ బాబుకు ఒకసారి వచ్చిందన్నారు కాబట్టి, మళ్ళీ వానలు పడేలోపు ఆ టైర్ల సంగతి తేలడం మీ ఇంటికి అత్యవసరమైన పని.

ఎలుకల గురించి కూడా అర్జీలో ఒక వాక్యం రాయండి. ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. పొదల్లో, గడ్డిలో, ఎలుకల ఒంటి మీద ఉండే సన్నటి పురుగులు (మైట్లు; మంచాల్లో ఉండే నల్లులు కావు) కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. ఆ కుట్టిన చోట ఒక్కోసారి కాలినట్టు నల్లటి మచ్చ కనబడుతుంది. జ్వరం వచ్చి డెంగీ లేదని తేలితే ఈ రెండింటి గురించీ డాక్టరు గారిని అడగండి.

ఫిర్యాదు మొదట మీ వార్డు సచివాలయంలో ఇవ్వండి. అక్కడ పారిశుద్ధ్యం, పర్యావరణం చూసే కార్యదర్శి ఒకరు ఉంటారు, ఆరోగ్య కార్యదర్శి వేరే ఉంటారు. అర్జీ ప్రతి ఇద్దరికీ అందాలి. మరొక ప్రతి మీ సర్కిల్ కార్యాలయంలో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు గాని, సహాయ వైద్య ఆరోగ్యాధికారికి గాని ఇవ్వండి. నోటితో చెప్పిన మాట ఏ కార్యాలయంలోనూ నిలవదు కాబట్టి, ప్రతి చోటా అందినట్టు తేదీతో ముద్ర గాని, ఫిర్యాదు నంబరు గాని తీసుకోండి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు: నాలుగు పేజీల నిండా ఆ మనిషి గుణగణాలు రాసి, జరగవలసిన పని ఏమిటో మాత్రం చెప్పరు. అధికారికి కావలసింది అరపేజీ. ఇలా రాయవచ్చు:

"మా వీధిలో ఫలానా డోర్ నంబరు ఇంటి ఆవరణలో నీరు నిలిచే పాత టైర్లు, పీపాలు, తొట్లు ఉన్నాయి. ఆ ఇంటి గేటు ముందు సైడు కాలువ మీద సామాను ఉండటం వల్ల పూడిక తీయడం కుదరడం లేదు. ఎలుకలు చుట్టుపక్కల ఇళ్ళలోకి వస్తున్నాయి. కిందటి వానాకాలంలో మా వీధిలో డెంగీ వచ్చిన వారి పరీక్షల నకళ్ళు జతచేశాం. మలేరియా విభాగం వారిచేత దోమ పిల్లల (లార్వా) తనిఖీ చేయించి, కాలువ మీది సామాను వెంటనే తీయించి, ఆవరణలో నీరు నిలిచే వస్తువుల విషయంలో చట్టప్రకారం చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాం. ఆ ఇంట్లో ఉంటున్నది ఒంటరి వృద్ధులు కాబట్టి సామాను తరలించడానికి మనుషులను, వాహనాన్ని సమకూర్చి, ఆ పనిని వారి సమక్షంలోనే జరిపించవలసిందిగా మనవి."

ఆ చివరి వాక్యాన్ని దయచేసి తీసేయకండి. ఆయన మీద దయ చూపడం కోసమే దాన్ని పెట్టలేదు, పని జరగడం కోసం పెట్టాను. డెబ్బై దాటిన మనిషి ఇనుప పీపాలను గడువు లోపల ఒక్కడే మోసి బయట వేయలేడు. కాబట్టి ఉత్త నోటీసు అంటించి వెళ్ళిపోతే గడువు దాటడం ఖాయం, ఆ తరువాత కార్పొరేషన్ చేయించిన పనికి ఖర్చు ఆయన మీద పడుతుంది. నెలకు రూ. 4,000 వృద్ధాప్య పింఛను మీద బతికే మనిషయితే ఆ బాకీ ఆయన నెత్తిన ఎంత బరువవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఫొటోలు తీయవచ్చు. వీధిలో నిలబడి గాని, మీ డాబా మీది నుంచి గాని, నీరు నిలిచిన టైర్లు, కాలువ మీది సామాను కనిపించేలా తీసి, తేదీ రాసి జతచేయండి. ఆయన ముఖం అందులో పడనివ్వకండి. ఆ ఫొటోలు అర్జీ దాటి వీధి వాట్సాప్ గ్రూపులోకి కూడా వెళ్ళకూడదు; ఒకసారి నలుగురి నోళ్ళలో పడి అవమానమయ్యాక ఆయన తలుపు వేసుకుని కూర్చుంటే, ఆ తలుపు మళ్ళీ తెరిపించడం మీ వల్లా కాదు, కార్పొరేషన్ వల్లా కాదు. అర్జీ మీద మీ ఒక్కరి సంతకం కాకుండా నాలుగైదు ఇళ్ళ సంతకాలు ఉండాలి. మీ ఒక్కరి మీదా కక్ష రాకుండా ఉండటానికి అది ఎలాగూ పనికొస్తుంది. అంతకన్నా పెద్ద కారణం, చట్టం దృష్టిలో ఇది రెండు ఇళ్ళ తగాదాగా కాక చుట్టుపక్కల వారందరి ఆరోగ్య సమస్యగా కనిపించాలి.

రెండు వారాల్లో తనిఖీ కూడా జరగకపోతే, సోమవారాల్లో కార్పొరేషన్ ప్రధాన కార్యాలయంలోనూ కలెక్టరేట్‌లోనూ జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పాత అర్జీ నకలు, ముద్ర ఉన్న పేజీ పట్టుకుని వెళ్ళండి. అక్కడ నమోదైన అర్జీకి నంబరు ఉంటుంది, ఏ అధికారి దగ్గర ఆగిందో కనుక్కోవచ్చు. ఏ చర్యా లేకపోతే సమాచార హక్కు చట్టం కింద మా అర్జీ మీద ఏం చేశారని అడగవచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

దీనికి పైమెట్టు ఒకటుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 152వ సెక్షన్ కింద, సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ హోదాలో ఆర్డీఓ గారు, చుట్టుపక్కల జనం ఆరోగ్యానికి హాని కలిగేలా వస్తువులు నిల్వ ఉంచిన వారిని వాటిని తొలగించమని ఆదేశించవచ్చు. అభ్యంతరముంటే వచ్చి చెప్పుకునే అవకాశం అవతలివారికీ ఇస్తారు. దీనికి ముందున్న నేర విచారణ స్మృతి, అంటే పాత సీఆర్‌పీసీలో ఇదే 133వ సెక్షన్. మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణవాసులు మురుగు కంపు భరించలేక ఆ సెక్షన్ కిందనే మేజిస్ట్రేటును ఆశ్రయించారు. డబ్బుల్లేవని మున్సిపాలిటీ చెప్పిన సాకును 1980లో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ప్రజల ఆరోగ్యాన్ని కాపాడే బాధ్యత నుంచి నిధుల లేమి పేరుతో తప్పుకోవడం కుదరదని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ తీర్పులో తేల్చారు. కాలువ పూడిక తీయడానికి సిబ్బంది లేరన్న జవాబు మీకు ఎదురైతే ఈ తీర్పు గుర్తుచేయండి. సివిల్ కోర్టులో దావా వేసి ఇంజంక్షన్ (కోర్టు ఉత్తర్వు) తెచ్చుకునే దారి కూడా ఉంది గాని, మీ విషయంలో దాన్ని నేను సూచించను. అది ఏళ్ళు పడుతుంది, దోమకు వారం చాలు. అంతదాకా వస్తే ముందు న్యాయ సేవాధికార సంస్థ వారిని అడగండి. మహిళలకు ఉచిత న్యాయ సహాయం చట్టప్రకారం అందుతుంది. వారి ఫోన్ నంబరు 15100. పారిశుద్ధ్య సేవలకు సంబంధించిన తగాదాలను శాశ్వత లోక్ అదాలత్ ముందు పెట్టే వీలు కూడా ఉంది.

జేసీబీ ఆలోచనను మాత్రం మీ వీధి కుర్రవాళ్ళచేత ఈరోజే మాన్పించండి. ఆయన లేనప్పుడు గేటు తీసి లోపలికి వెళ్ళడం అక్రమ ప్రవేశం, ఆయన వస్తువులు ఎత్తుకుపోవడం దొంగతనం కిందికి, పాడుచేయడం ఆస్తి నష్టం కిందికి వస్తాయి. మనకు చెత్తగా కనబడినంత మాత్రాన అవి ఆయన ఆస్తి కాకుండా పోవు. కేసయితే పోలీసు స్టేషన్ చుట్టూ తిరిగేది మీ పిల్లలే, ఉద్యోగ ప్రయత్నాల్లో ఉన్నవాళ్ళయితే మరీ నష్టం. టైర్లు తగలబెట్టేద్దామన్న మాట వస్తే అదీ వినకండి. ఆ పొగ విషం, బహిరంగంగా చెత్త కాల్చడం నిషేధం. చట్టం మాట పక్కనబెట్టినా, ఇలా చెప్పకుండా ఊడ్చేసిన ఇళ్ళు మళ్ళీ నిండుతాయి, ఈసారి ఇంకా త్వరగా నిండుతాయి. వస్తువులను వదులుకోలేకపోవడాన్ని వైద్యులు ఇవాళ ఒక ప్రత్యేక రుగ్మతగా గుర్తిస్తున్నారు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణలో 2013లోనూ, ఆ తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలోనూ దానికి విడిగా చోటిచ్చారు. ఆ రుగ్మత ఉన్నవారి వస్తువులను బలవంతంగా తీసేస్తే భయం, అపనమ్మకం పెరిగి పోగుచేయడం ఎక్కువవుతుందన్నది వారికి చికిత్స చేసేవారి అనుభవం.

బాబాయి గారికి ఆ రుగ్మత ఉందని నేను చెప్పడం లేదు. ఉత్తరం చదివి అలాంటి మాట అనడం అన్యాయం. కారణం దుఃఖం కావచ్చు. మతిమరుపు మొదలై ఉండవచ్చు. మోకాళ్ళ నొప్పులతో ఏదీ కదపలేక వదిలేసి ఉండవచ్చు. జీవితమంతా ఆటోనగర్‌లో పాత రేకు, పాత బోల్టు కూడా దేనికో ఒకదానికి పనికొస్తుందని నేర్చుకున్న చేతులకు, మీరు చెత్త అనుకున్నది సరుకుగానే కనిపిస్తుండవచ్చు. భార్యను పోగొట్టుకుని, ఆపైన ఇంట్లో మిగిలినవన్నీ రెండు రోజుల్లో నీళ్ళపాలు కావడం చూసిన మనిషి, చేతికందిన దేన్నీ ఇక పోనివ్వకూడదని అనుకుంటే అందులో నాకు వింతేమీ కనిపించడం లేదు. బుడమేరు నీళ్ళు మీ వీధి నుంచి తీసిన తరువాత, మీరందరూ మళ్ళీ కొనుక్కుని సర్దుకున్నారు. ఆయన దగ్గర సర్దుకోవడానికి రెండో మనిషి లేదు.

అందుకే అర్జీ ఇవ్వడానికి ముందు, లేదా అర్జీ ఇచ్చిన రోజునే, ఆయనకు ఆ సంగతి మీ నోటితోనే చెప్పండి. నోటీసు చూసి తెలుసుకోవడం కన్నా అది ఎంతో మేలు. ఆయనతో మాట్లాడటానికి మీ అత్తగారిని మించిన మనిషి లేదు. ఆమెకు కలుగుతున్న బాధే ఆమెకు ఆ అర్హతనిస్తోంది. నీళ్ళలో నడిచి వచ్చి పాలు ఇచ్చిన ఉపకారాన్ని ఆమె ముందుగా తలుచుకుని, "అన్నయ్య గారూ, బాబుకు కిందటేడు జ్వరం వచ్చి మేం ఎంత భయపడ్డామో మీకు తెలుసు, ఈసారి వానలకు ముందే ఆ టైర్లు ఒక్కటీ తీయించేద్దాం, మనుషులను నేను పిలిపిస్తాను" అంటే ఆయన కాదనడం కష్టం. అంతా తీసేయండి అని అడగకండి. అంతా అన్న మాట వినగానే అలాంటివారు బిగుసుకుపోతారు. ముందు నీరు నిలిచేవి, తరువాత కాలువ మీదివి, ఆ తరువాత మీ వంటింటి గోడకు ఆనుకుని ఎలుకలకు నెలవైనవి. ఈ మూడూ తీరితే మీ ఇంటికి ప్రమాదం చాలావరకు తొలగినట్టే. పనిముట్లు, పిన్నిగారి వస్తువులు, గదిలోని సామాను జోలికి ఎవరూ వెళ్ళకూడదని మీరే ముందుగా మాటివ్వండి. ఏది పోవాలో, ఏది ఉండాలో ఆయనే తేల్చాలి. ఇనుము, డొక్కులు పాత ఇనుప సామాను కొనేవారికి అమ్మించి, వచ్చిన డబ్బు అక్కడికక్కడే ఆయన చేతిలో పెట్టించండి. చెత్తగా పారేయమంటే ఒప్పుకోని మనిషి, బేరం కుదిరిందంటే ఒప్పుకోవచ్చు.

మీకు తోడుగా నిలవగల మరొకరు ఉన్నారు. ఆయన పింఛను తీసుకుంటున్నట్లయితే, నెల మొదట్లో సచివాలయ ఉద్యోగి ఒకరు ఆయన గుమ్మం దాకా వచ్చి డబ్బు చేతికిచ్చి వెళ్తుంటారు. ప్రభుత్వం తరఫున ఆ ఇంటికి వచ్చేవారిలో ఆయన ఎదురుచూసే మనిషి బహుశా ఆ ఉద్యోగి ఒక్కరే. నోటీసు గురించి, తనిఖీ గురించి ఆ ఉద్యోగి చేతనే ముందు చెప్పించమని సచివాలయంలో అడగండి. మనిషి మరీ దిగులుగా, తిండి మానేసినట్టు, తేదీలూ పేర్లూ తడబడుతున్నట్టు అనిపిస్తే, ఆశా కార్యకర్తను గాని ఆరోగ్య కార్యదర్శిని గాని వెంటబెట్టుకుని వెళ్ళండి. మానసిక ఆరోగ్యం విషయంలో టెలి మానస్ వారి 14416 నంబరుకు మీరే ఫోన్ చేసి, ఇలాంటి మనిషితో ఎలా మెలగాలో తెలుగులోనే అడగవచ్చు. వృద్ధుల సహాయం కోసం 14567 ఉంది.

హైదరాబాదులో ఉన్న అబ్బాయి చూద్దామనడం నాకు అర్థమవుతుంది. దూరం నుంచి విన్నవారికి ఇది ఇరుగుపొరుగు చాడీలాగా వినిపిస్తుంది. ఆయనకు ఫిర్యాదు చెప్పకుండా, చేయవలసిన పని చెప్పండి. ఫలానా తేదీన కార్పొరేషన్ వాళ్ళు తనిఖీకి వస్తారు, గడువు దాటితే ఖర్చు నాన్నగారి మీద పడుతుంది, ఆ రోజుకు మీరు ఒక పూట వచ్చి నిలబడితే చాలు అని చెప్పి, అర్జీ నకలు కూడా పంపండి. తల్లిదండ్రుల పోషణ పిల్లల చట్టబద్ధమైన బాధ్యత అని 2007 నాటి చట్టం చెబుతున్న మాట నిజమే గాని, దాన్ని ఇప్పుడు బెదిరింపుగా వాడవద్దు. తండ్రికి తిండి, వైద్యం కూడా కరువైనట్టు తెలిస్తే అప్పుడు ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్ సంగతి వేరుగా ఆలోచించవచ్చు.

ఇవన్నీ చేసినా ఆయన ససేమిరా అంటే, అధికారులను వాళ్ళ పని చేయనివ్వండి. జాలితో అర్జీ వెనక్కి తీసుకోకండి. ఆయన బాధ నిజమైనదే, మీ బాబు ప్రాణం కూడా అంతే నిజమైనది. రెండోదాన్ని పణంగా పెట్టి మొదటిదాన్ని గౌరవించమని ఎవరూ మిమ్మల్ని అడగకూడదు. నోటీసు వచ్చాక ఆయన కొన్నాళ్ళు మీతో మాట్లాడకపోవచ్చు. దానికి సిద్ధంగా ఉండండి. మీ వైపు నుంచి పలకరింపు ఆపకండి.

తనిఖీకి వచ్చేవారు మీ ఇంట్లోనూ చూస్తారు, చూడాలి కూడా. డాబా మీది ట్యాంకు మూత, కూలర్ అడుగున నీళ్ళు, పూలకుండీల కింది పళ్ళేలు, ఫ్రిజ్ వెనక తట్ట వారానికి ఒకసారి ఖాళీ చేసి తుడవండి. శుక్రవారం డ్రై డేగా పాటించమని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఇందుకే. అర్జీ మీద సంతకం చేసిన ప్రతి ఇల్లూ ఇది ముందే చేసుకుని ఉంటే, లార్వా ఎక్కడ ఉందన్న దాని మీద వాదన రాదు. ఆయన పెరట్లో వెంటనే తరలించలేని పీపాల్లో మందు వేయమని మలేరియా సిబ్బందిని ఆ రోజే అడగండి. మందు ప్రభావం కొన్నాళ్ళే కాబట్టి మళ్ళీ ఎప్పుడు వేస్తారో తేదీ కనుక్కుని రాసుకోండి. ఈలోగా మీ బాబుకు జ్వరం వస్తే డాక్టరు గారికి డెంగీ ఇంతకుముందు ఒకసారి వచ్చిందని మొదటి మాటగా చెప్పండి, ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు సొంతంగా వేయకండి, పరీక్ష రిపోర్టు నకలు ఒకటి అర్జీ నంబరు వేసి సచివాలయంలో ఇవ్వండి.